ఎడమ కంటికొకటి, కుడి కంటికొకటి

ఒక కూడిక, ఒక తీసివేత. నింటెండో కంపెనీ 1995లో అమ్మిన వర్చువల్ బాయ్ అనే ఆట యంత్రంలో లోతు పుట్టేది ఈ రెండింటి నుంచే. తెర మీద ఏ బొమ్మ ఎక్కడ ఉండాలో చెప్పే పట్టికలో అడ్డం కొలత ఒకటి, నిలువు కొలత ఒకటి ఉంటాయి. వాటి పక్కన మూడో అంకె ఒకటి ఉంటుంది. ఎడమ కంటికి చూపే చిత్రంలో అడ్డం కొలత నుంచి ఆ అంకెను తీసేస్తారు, కుడి కంటికి చూపే చిత్రంలో కలుపుతారు. బొమ్మ మాత్రం రెండింట్లోనూ అదే, ఒక్క గీత కూడా మారదు. ఒక కంటికి రెండు చుక్కలు ఎడమకు, ఇంకో కంటికి రెండు చుక్కలు కుడికి జరుగుతుంది, అంతే. చూసేవాడికి మాత్రం అది తెర వెనక్కి వెళ్లి నిలబడినట్టు ఉంటుంది. ఆ అంకె మైనస్ అయితే ముందుకు దూసుకొస్తుంది.

యంత్రం చేసింది పిసరంత పని. మిగతాదంతా చూసేవాడి మెదడు చేసుకుంది. పాతకాలపు 3డీ గేముల కథ చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లోతును లెక్కకట్టడం ఆ రోజుల్లో కూడా పెద్ద కష్టం కాదు, 2 కిలోబైట్ల మెమరీ ఉన్న యంత్రాలు సైతం ఆ పని చేశాయి. అసలు కష్టమంతా ఎడమ బొమ్మను ఎడమ కంటికే, కుడి బొమ్మను కుడి కంటికే చేర్చడంలో వచ్చింది. ఇంజనీర్ల తెలివంతా అక్కడే ఖర్చయింది, ఆడేవాళ్ల తలనొప్పులూ చాలావరకు అక్కడి నుంచే వచ్చాయి.

లోతు మెదడులో తయారవుతుందని చేసి చూపించినవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ వీట్‌స్టన్. 1838లో ఆయన లండన్ రాయల్ సొసైటీకి వివరించిన స్టీరియోస్కోపులో కళ్లకు ఎదురుగా రెండు అద్దాలు ఏటవాలుగా నిలబడి ఉంటాయి, వాటికి చెరో పక్క ఒక్కో బొమ్మ ఉంటుంది. ఎడమ కంటికి ఎడమ అద్దంలోది, కుడి కంటికి కుడి అద్దంలోది కనిపిస్తాయి. ఫొటోగ్రఫీ సంగతి లోకానికి తెలిసింది ఆ మరుసటి ఏడాది. కాబట్టి వీట్‌స్టన్ వాడినవి వట్టి గీతల బొమ్మలు. నీడల్లేవు, రంగుల్లేవు, అయినా ఆ గీతలు గాలిలో లేచి నిలబడ్డాయి. నూటయాభై ఏళ్ల తర్వాత గేములు తయారుచేసినవాళ్లకు ఇదే పనికొచ్చింది. రంగులు నాలుగే ఉన్నా, చుక్కలు ఎంత మోటుగా ఉన్నా ఫరవాలేదు, రెండు బొమ్మల మధ్య పక్కకు కాస్త తేడా ఉంటే మెదడుకు సరిపోతుంది.

ఎంత తేడాకు ఎంత లోతు వస్తుందో కాగితం మీద మనమే వేసుకోవచ్చు. పెద్దవాళ్లలో రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. 20 అంగుళాల పాత టీవీ తీసుకుందాం, దాని తెర వెడల్పు సుమారు 400 మిల్లీమీటర్లు. 1980ల నాటి ఆట యంత్రాల్లో చాలావరకు అడ్డంగా 256 చుక్కలు వేసేవి కాబట్టి ఒక్కో చుక్క 1.6 మిల్లీమీటర్లు. మీరు రెండు మీటర్ల దూరంలో కూర్చున్నారు. రెండు కళ్లకు చూపే బొమ్మల మధ్య ఒక్క చుక్క తేడా పెడితే ఆ వస్తువు తెరకు 5 సెంటీమీటర్లు వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. 8 చుక్కల తేడా పెడితే అర మీటరు వెనక్కి పోతుంది. 16కి మీటరు దాటుతుంది. 32 పెడితే ఏకంగా 8 మీటర్లు దాటిపోతుంది. మరి 40 పెడితే? తేడా 64 మిల్లీమీటర్లయింది, కళ్ల మధ్య దూరాన్నే మించింది. ఇక రెండు కళ్లూ చెరో దిక్కుకు, బయటికి తిరగాలి. నిజ జీవితంలో మన కళ్లకు ఆ అవసరం ఎప్పుడూ రాదు. అప్పుడు బొమ్మ ఒకటిగా కుదరక రెండుగా చీలిపోతుంది, నుదురు లాగడం మొదలవుతుంది.

ఈ లెక్కలో ఇంకో రెండు విషయాలు దాగి ఉన్నాయి. మొదటిది, కూర్చునే దూరం పెరిగితే లోతూ పెరుగుతుంది. అదే బొమ్మ, అవే చుక్కలు, కానీ టీవీకి మీటరు దూరంలో చతికిలబడ్డ పిల్లాడికి కనిపించే లోతుకు నాలుగు మీటర్ల వెనక మంచం మీద కూర్చున్న తండ్రికి నాలుగు రెట్లు కనిపిస్తుంది. రెండోది, చుక్కను సగానికి కోయలేం కాబట్టి లోతు మెట్లు మెట్లుగా వస్తుంది. ఒక్కో మెట్టు మీద ఒక్కో చదును బొమ్మ. చెట్టు ముందుంటుంది, కొండ వెనకుంటుంది, రెండింటి మధ్య బోలెడంత ఖాళీ ఉంటుంది, కానీ చెట్టుకు మందం ఉండదు. సినిమా హాలు ముందు వరసగా నిలబెట్టిన హీరోల కటౌట్లలా ఉంటుంది వ్యవహారం. పాత స్టీరియో గేముల్లో చాలావాటికి ఉన్న లక్షణం ఇదే, దాన్ని దాచాలని వాళ్లు పెద్దగా ప్రయత్నించనూ లేదు.

ఇక రెండు బొమ్మలను రెండు కళ్లకు పంచే సంగతి. 1982లో సెగా కంపెనీ ఆర్కేడ్లకు తెచ్చిన 'సబ్‌రాక్-3డీ'లో ఆటగాడు జలాంతర్గామి పెరిస్కోపులోకి చూసినట్టు ఒక గూటిలోకి తొంగి చూస్తూ ఆడాలి. ఆ గూటిలో కళ్ల ముందు చక్రాలు తిరుగుతూ, ఒక కన్ను తెరుచుకున్నప్పుడు ఇంకో కన్నును మూస్తాయి. తెర ఒక్కటే, దాని మీద ఎడమ బొమ్మ, కుడి బొమ్మ వంతులవారీగా వస్తాయి. వంతులు వేగంగా మారితే రెండు కళ్లూ ఒకేసారి చూస్తున్నట్టే అనిపిస్తుంది.

తిరిగే చక్రాన్ని ఇంటికి తెచ్చినవాళ్లూ ఉన్నారు. వెక్ట్రెక్స్ అనే చిన్న యంత్రానికి సొంత తెర ఉండేది, అది చుక్కలతో కాకుండా నేరుగా వెలుగు గీతలతో బొమ్మలు గీసేది. ఆ గీతలు తెల్లవి మాత్రమే. 1984లో దానికి జోడుగా వచ్చిన 3డీ ఇమేజర్ అనే కళ్లజోడులో మోటారుతో తిరిగే ప్లాస్టిక్ చక్రం ఒకటుంది. చక్రంలో సగం నలుపు, మిగతా సగంలో రంగు పట్టీలు. నలుపు భాగం ఒక కంటికి అడ్డొచ్చినప్పుడు రెండో కన్ను రంగు పట్టీల గుండా చూస్తుంది. ఎరుపు పట్టీ కంటి ముందుకొచ్చిన క్షణంలో ఎర్రగా కనిపించాల్సిన గీతలను, నీలం పట్టీ వచ్చిన క్షణంలో నీలం గీతలను యంత్రం గీస్తుంది. అంటే తెలుపు తప్ప ఏమీ తెలియని తెర మీద ఒకే చక్రంతో లోతు, రంగు రెండూ సాధించారు. చక్రం ఇప్పుడు ఎక్కడుందో సెన్సర్ కనిపెట్టి యంత్రానికి చెబుతూ ఉంటుంది, లేకపోతే అంతా కలగాపులగం అవుతుంది. ఆటను బట్టి చక్రం మార్చుకోవాలి. ఈ అధ్యాయంలో చెప్పుకునే పరికరాలన్నిటిలో నాకు ఎక్కువ ముచ్చటగా అనిపించేది ఇదే. అమ్మకాల సంగతి వేరు. అమెరికాలో గేముల మార్కెట్ కుప్పకూలిన రోజులవి, వెక్ట్రెక్స్ ఆ ఏడాదే ఆగిపోయింది.

సినిమా వాళ్లకు ఈ తంటా లేదు. మన దేశంలో 1984లో వచ్చిన తొలి 3డీ సినిమా 'మై డియర్ కుట్టిచ్చాతన్'ను తెలుగులో 'చిన్నారి చేతన'గా చూసినవాళ్లకు హాల్లో ఇచ్చిన నల్లద్దాల కళ్లజోడు గుర్తుండే ఉంటుంది. ఆ అద్దాలు కాంతి కంపించే దిశను బట్టి ఒక బొమ్మను పంపించి, ఇంకో బొమ్మను ఆపుతాయి. ప్రొజెక్టర్ ముందు అలాంటి వడపోత పెట్టడం తేలిక. టీవీ గొట్టం ముందు కుదరదు, ఎందుకంటే రెండు బొమ్మలూ అదే గాజు మీద, అవే ఫాస్ఫర్ చుక్కల నుంచి, ఒకదాని వెంట ఒకటిగా వెలుగుతాయి. వాటిని కాలంతోనే వేరు చేయాలి.

1987లో జపాన్‌లో ఇటు నింటెండో, అటు సెగా చక్రం స్థానంలో ద్రవస్ఫటికం, అంటే ఎల్‌సీడీ వాడారు. కళ్లజోడు అద్దంలో అదొక పలుచటి పొర, కరెంటు సంకేతాన్ని బట్టి నల్లబడుతుంది, తేటపడుతుంది. తిరిగేదేమీ లేదు, చప్పుడు లేదు. నింటెండో ఫామికామ్ 3డీ సిస్టమ్ జపాన్ దాటి రాలేదు. సెగా మాస్టర్ సిస్టమ్‌కు వచ్చిన కళ్లజోడు మాత్రం అమెరికా, యూరప్‌లలో కూడా అమ్మారు. దాని వైరు యంత్రం మీది కార్డు సందులో దూర్చాలి. తర్వాత చౌకగా తెచ్చిన మాస్టర్ సిస్టమ్-2లో ఆ సందు తీసేశారు, దాంతో కళ్లజోడు కొన్నవాళ్లకు కొత్త యంత్రంలో అది దండగైపోయింది.

ఈ కళ్లజోడుకు అసలు శత్రువు టీవీ వేగమే. అప్పటి అమెరికా, జపాన్ టీవీల మీద సెకనుకు 60 సార్లు బొమ్మ పడేది. రెండు కళ్లకు పంచితే కంటికి 30. మనిషి కన్ను దీన్ని కదలికగా ఒప్పుకుంటుంది కానీ, రెపరెపలను మాత్రం కనిపెట్టేస్తుంది. యూరప్‌లో, మన దేశంలో టీవీ వేగం 50 కాబట్టి కంటికి 25 మాత్రమే దక్కేవి, రెపరెపలు మరీ ఎక్కువ. పైగా సగం సమయం కన్ను మూసి ఉంటుంది కాబట్టి బొమ్మ మసకబారుతుంది. ద్రవస్ఫటికం పూర్తిగా నల్లబడకపోయినా, ఫాస్ఫర్ వెలుగు వెంటనే ఆరకపోయినా ఎడమ బొమ్మ నీడ కుడి కంటికి చిక్కుతుంది. గది లైటు ఆర్పి ఆడితే కాస్త మేలు.

సెగా కళ్లజోడుకు వచ్చిన ఆటల్లో 'మిసైల్ డిఫెన్స్ 3-డీ' గురించి ఒక మాట చెప్పాలి. కళ్లజోడు పెట్టుకుని, చేతిలో లైట్ గన్ పట్టుకుని, మీదికొచ్చే క్షిపణులను కూల్చే ఆట. దాన్ని తయారుచేసిన మార్క్ సర్నీ ఆ తర్వాత ప్లేస్టేషన్-4కు ప్రధాన రూపశిల్పి అయ్యాడు. అటు నింటెండో వాళ్ల ఫామికామ్ యంత్రం పక్కన స్క్వేర్ కంపెనీకి ఇరాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ నాసిర్ గెబెల్లి '3-డీ వరల్డ్‌రన్నర్', 'రాడ్ రేసర్' రాశాడు. 1987 డిసెంబరులో ఆయన ప్రోగ్రామింగ్‌తోనే తొలి 'ఫైనల్ ఫాంటసీ' వచ్చింది. అమెరికాలో ఈ రెండు ఆటలకూ ఎరుపు-నీలం అట్ట కళ్లజోడు ఇచ్చారు. ఖర్చు పైసల్లో ఉంటుంది, రెపరెపల బాధ లేదు. అయితే రంగులన్నీ గంగలో కలుస్తాయి.

'రాడ్ రేసర్'లో సెలెక్ట్ మీట నొక్కితే 3డీ వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. సదుపాయమే, కానీ ఒక గుట్టు కూడా బయటపెడుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆర్పేసి కూడా హాయిగా ఆడగలిగితే ఆ ఆటకు లోతు అవసరం లేనట్టే కదా. 'సబ్‌రాక్-3డీ'నీ కోలెకోవిజన్ ఇంటి యంత్రానికి స్టీరియో లేకుండానే మార్చి అమ్మారు. కారు పందేల్లో ముందున్న కారు ఎంత దూరంలో ఉందో దాని సైజు చెబుతుంది, సన్నబడుతూ పోయే రోడ్డు చెబుతుంది. ఒంటికన్నుతో చూసినా అందే సూచనలివి. రెండు కళ్ల తేడా నుంచి లోతు పసిగట్టే శక్తి దూరం వర్గంతో తగ్గుతుంది, దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే వంద మీటర్ల అవతలి లారీని అంచనా వేయడంలో రెండో కన్ను చేసే సాయం చాలా తక్కువ, సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం చాలా ఎక్కువ. స్టీరియోకు తగిన ఆట చేతికందే దూరంలో జరగాలి. 1980ల వాళ్లు మాత్రం పదే పదే రోడ్లనీ, అంతరిక్షాన్నీ ఎంచుకున్నారు. నా ఉద్దేశంలో ఆ దశాబ్దపు అసలు పొరపాటు ఇదే, రెపరెపలు కావు.

ఈ విషయం ఎక్కువగా పట్టుకున్నది మళ్లీ వర్చువల్ బాయే. అందులో తెరను పంచుకోవడం అనే సమస్యే లేదు, కంటికొక తెర. నిజానికి తెర కూడా కాదు, ఒక్కో కంటికి 224 ఎర్ర ఎల్‌ఈడీలు ఒకే నిలువు గీతగా పేర్చి ఉంటాయి. ఎదురుగా ఒక చిన్న అద్దం సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అద్దం ఊగే కొద్దీ ఆ ఒక్క గీత అడ్డంగా 384 చోట్ల కనిపిస్తుంది, ఒక్కో చోట ఏ దీపం వెలగాలో యంత్రం మార్చేస్తూ ఉంటుంది. గీత పరుచుకుని చిత్రమవుతుంది. చుట్టూ చిమ్మచీకటి, మధ్యలో ఎర్రటి బొమ్మలు. అమెరికాలోని రిఫ్లెక్షన్ టెక్నాలజీ అనే కంపెనీ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఎరుపే ఎందుకంటే అప్పటికి చౌకగా, తక్కువ కరెంటుతో, బాగా వెలిగే ఎల్‌ఈడీ ఎరుపుదే. ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీని షుజి నకమురా 1993లోనే సాధించినా, ఒక్కో యంత్రంలో వందల కొద్దీ పెట్టేంత చవక కాలేదు. వర్చువల్ బాయ్ సృష్టికర్త గుంపే యొకోయి సిద్ధాంతం కూడా అదే, పాతబడి చౌకైన భాగాలను ఎవరూ ఊహించని పనికి వాడటం. గేమ్ బాయ్ అలాగే పుట్టింది, కోట్లలో అమ్ముడైంది.

ఇందులోని మంచి ఆటలు లోతుతో పని చేయించుకున్నాయి. 'వర్చువల్ బాయ్ వారియో ల్యాండ్'లో వారియో ముందు దారి నుంచి వెనక దారిలోకి ఎగిరి దూకుతాడు, ముళ్ల గుండు వెనక నుంచి ముందుకు ఊగుతూ వస్తుంది. 'మారియో క్లాష్'లో తాబేలు చిప్పను తెర లోపలికి, వెనక వరసలోని శత్రువు మీదికి విసరాలి. 'టెలిరోబాక్సర్'లో పిడికిలి సరిగ్గా ముఖం మీదికే వస్తుంది, చేతికందే దూరం కదా. ఆసక్తికరమైన ఉదాహరణ 'రెడ్ అలారం'. అందులో గోడలు, ఓడలు అన్నీ తీగల చట్రాల్లా వట్టి గీతలే, వెనక గీతలు ముందు గీతల్లోంచి కనిపిస్తుంటాయి. ఒక కన్ను మూసి చూస్తే గీతల చిక్కుముడి తప్ప ఏమీ తెలియదు. రెండు కళ్లూ తెరిస్తే ఏ గీత ముందో ఏది వెనకో విడిపోతుంది. వీట్‌స్టన్ గీతల బొమ్మలకు ఇది నేరుగా వారసురాలు.

అయినా యంత్రం అమ్ముడుపోలేదు. 1995 జూలై 21న జపాన్‌లో 15,000 యెన్లకు విడుదలై, ఆ ఏడాది ముగిసేలోపే అక్కడ ఆగిపోయింది. అమెరికాలో మరికొన్ని నెలలు నడిచింది. మొత్తం అమ్మినవి దాదాపు 7,70,000, వచ్చిన ఆటలు 22. తలకు పెట్టుకునేది కాదు, బల్ల మీద కాళ్ల స్టాండు వేసి మెడ వంచి అందులోకి చూడాలి. ఆడేవాడికి తప్ప పక్కవాడికి ఏమీ కనిపించదు, కాబట్టి స్నేహితుడి ఇంట్లో చూసి మోజుపడి కొనే అవకాశమే లేదు. టీవీ ప్రకటనలోనూ, పత్రికలో వేసిన ఫొటోలోనూ లోతు కనిపించదు, ఎర్రటి మరకలే కనిపిస్తాయి. ఏడేళ్ల లోపు పిల్లలు వాడొద్దన్న హెచ్చరిక చూసి తల్లిదండ్రులు బెదిరారు. తప్పు స్టీరియోది అనే మాట అప్పటి నుంచి ప్రచారంలో ఉంది. నేను ఒప్పుకోను. కళ్లజోడు అక్కర్లేని నింటెండో 3డీఎస్ 2011లో వచ్చి ఏడున్నర కోట్లకు పైగా అమ్ముడైంది. దాని మీద సెగా పాత ఆటలు కొన్నింటిని ఎం2 అనే కంపెనీ తిరిగి కట్టినప్పుడు 'స్పేస్ హారియర్', 'ఔట్‌రన్' స్టీరియో లోతుతో, రెపరెపలు లేకుండా కనిపించాయి.

ఇప్పటిదాకా చెప్పిన ఏ పరికరమూ లేకుండా ఇంట్లోనే చేసి చూడగలిగినది ఒకటి మిగిలింది. 1993లో వచ్చిన 'జిమ్ పవర్: ది లాస్ట్ డైమెన్షన్ ఇన్ 3-డీ' అనే సూపర్ నింటెండో ఆటకు ఇచ్చిన కళ్లజోడులో ఒక అద్దం నల్లగా, ఇంకోటి తేటగా ఉంటుంది. అంతకు మూడేళ్ల ముందే 'ఆర్బ్-3డీ' అనే ఆట ఇదే ఎత్తు వేసింది. వీటిలో తెర మీద రెండు బొమ్మలు ఉండవు, ఒక్కటే ఉంటుంది. వెలుగు తగ్గితే కంటి నుంచి మెదడుకు వెళ్లే సంకేతం కాస్త ఆలస్యమవుతుంది, నల్లద్దం వెనకున్న కన్ను సెకనులో నూరో వంతు అటూ ఇటుగా పాత కబురు చెబుతుంది. వస్తువు పక్కకు కదులుతుంటే ఆ కాసేపట్లో అది కొంత జరిగి ఉంటుంది. ఒక కంటికి ఇప్పటి స్థానం, ఇంకో కంటికి కాస్త ముందటి స్థానం. మెదడుకు కావలసిన పక్క తేడా దొరికిపోయింది. చిక్కల్లా ఏమిటంటే ఆట ఆగితే లోతూ ఆగిపోతుంది, కదలిక అటు నుంచి ఇటు తిరగబడితే ముందున్నది వెనక్కి పోతుంది. జర్మనీలో జైస్ కంపెనీ శాస్త్రవేత్త కార్ల్ పుల్‌ఫ్రిచ్ 1922లో దీన్ని వివరించాడు. ఆయనకు ఒక కన్ను కనిపించదు, తన పేరు పెట్టుకున్న ఈ వింతను ఆయన ఎన్నడూ చూడలేకపోయాడు.

మీకు రెండు కళ్లూ బాగుంటే మీరు చూడవచ్చు. మీటరు పొడవు దారానికి నిమ్మకాయ కట్టి గుమ్మానికి వేలాడదీయండి. రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, ఎవరితోనైనా దాన్ని సరిగ్గా ఎడమకూ కుడికీ ఊపించండి. చలువ కళ్లద్దాల్లో ఒక అద్దాన్ని ఎడమ కంటికి అడ్డం పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి చూడండి. తిన్నగా ఊగుతున్న నిమ్మకాయ కుడివైపు వెళ్లేటప్పుడు దూరంగా, ఎడమవైపు వచ్చేటప్పుడు దగ్గరగా, గాలిలో కోడిగుడ్డు ఆకారంలో చుట్టు తిరుగుతుంది. అద్దాన్ని కుడి కంటికి మారిస్తే తిరిగే దిక్కు కూడా మారుతుంది.